వియత్నామా, మొరాకోనా: ఎగుమతుల మొత్తం చూసి తేల్చేయకండి

ఒకటి ఆసియా ఆగ్నేయ మూలన, ఇంకొకటి ఆఫ్రికా వాయవ్య కొసన. హనోయ్ నుంచి రబాత్‌కి గీత గీస్తే పదివేల కిలోమీటర్లు దాటుతుంది. ఒకచోట కమ్యూనిస్టు పార్టీ పాలన, ఇంకోచోట రాజరికం. అయినా చైనాలో కాకుండా ఇంకెక్కడైనా సరుకు చేయించుకుందాం అనుకునే కంపెనీల జాబితాల్లో కొన్నేళ్ళుగా వియత్నాం, మొరాకో పక్కపక్కనే కనిపిస్తున్నాయి. వర్ధమాన దేశాల బాండ్లు కొనేవాళ్ళూ ఈ రెండింటినీ బేరీజు వేస్తున్నారు, అభివృద్ధి అర్థశాస్త్రం చదివే విద్యార్థులూ వేస్తున్నారు. కాబట్టి దేన్ని ఎంచుకోవాలి అన్న ప్రశ్న అవసరమైనదే. ఎక్కువమంది దానికి జవాబు వెతికే పద్ధతితోనే నా పేచీ. జీడీపీ, ఎగుమతులు, వృద్ధి రేటు ఒక పట్టికలో వేసి, పెద్ద అంకె ఉన్న వైపు టిక్కు పెట్టేస్తారు. అలా చూస్తే దాదాపు ప్రతిసారీ వియత్నామే గెలుస్తుంది, కానీ మీ పనికి ఆ ఎంపిక సరిపోతుందో లేదో ఆ పట్టిక మాత్రం చెప్పదు.

సరే, ముందు ఆ పట్టికే చూద్దాం. 2024లో వియత్నాం సరుకుల ఎగుమతులు 40,500 కోట్ల డాలర్లు దాటాయి. అదే ఏడాది మొరాకోవి 45,500 కోట్ల దిర్హామ్‌ల చుట్టూ ఉన్నాయి. యూనిట్ గమనించకుండా చదివితే మొరాకోదే పైచేయి అనిపిస్తుంది గానీ, డాలరుకి దాదాపు 10 దిర్హామ్‌లు కాబట్టి అది 4,500 కోట్ల డాలర్లే అవుతుంది. అంటే తేడా తొమ్మిది రెట్లు. జనాభాతో భాగించండి: వియత్నాంలో 10 కోట్ల పైచిలుకు మంది, మొరాకోలో 2024 జనగణన ప్రకారం 3 కోట్ల 68 లక్షలు. తలకి ఎగుమతి వియత్నాంలో 4,000 డాలర్లు, మొరాకోలో 1,200 డాలర్ల పైన. తొమ్మిది రెట్లు కాస్తా మూడు రెట్లకు దిగింది. ఇక తలసరి ఆదాయం అయితే ఇంకా దగ్గర: 2023లో వియత్నాంది 4,300 డాలర్ల దరిదాపుల్లో, మొరాకోది 3,700 పైన. అంత ఎగుమతి చేసే దేశానికీ ఇంత ఎగుమతి చేసే దేశానికీ మధ్య మనిషి ఆదాయంలో తేడా ఇంతేనా అని ఇక్కడ అనుమానం రావాలి. ఈ వ్యాసమంతా ఆ అనుమానం చుట్టూనే తిరుగుతుంది.

వృద్ధి రేటు విషయంలో ఒక్క ఏడాది అంకెను ఎప్పుడూ నమ్మకండి. 2021లో మొరాకో 8 శాతం దాకా పెరిగింది, వియత్నాం 2.6 శాతం దగ్గర ఆగిపోయింది. మరుసటి ఏడాది వియత్నాం 8 శాతం, మొరాకో 2 శాతం కూడా దాటలేదు. పన్నెండు నెలల్లో రెండు దేశాలూ స్థానాలు మార్చుకున్నాయంటే అక్కడి విధానాలు తలకిందులయ్యాయని కాదు. 2021లో మొరాకోలో వానలు బాగా పడ్డాయి, అంతకుముందు ఏడాది కోవిడ్‌తో బాగా పడిపోయింది కాబట్టి లేచినట్టు కనిపించింది. అదే సమయంలో హో చి మిన్ సిటీ నెలల తరబడి లాక్‌డౌన్‌లో ఉంది. 2022కి వచ్చేసరికి వియత్నాంలో ఫ్యాక్టరీలు తెరుచుకున్నాయి, మొరాకోని కరువు ముంచేసింది. కనీసం పదేళ్ళ సగటు తీసుకుంటే తప్ప ఈ రెండు దేశాల్ని పోల్చడంలో అర్థం లేదు. ఆ సగటులో వియత్నాం ముందే ఉంటుంది, అందులో సందేహం అక్కర్లేదు.

ఎంత ముందో తెలియాలంటే 1990కి వెళ్ళాలి. అప్పుడు వియత్నాం తలసరి ఆదాయం 100 డాలర్ల చుట్టూ ఉండేది, మొరాకోది 1,000 డాలర్లు దాటి ఉండేది. పది రెట్ల తేడాను వియత్నాం ముప్పై ఏళ్ళలో చెరిపేసి దాటేసింది. ఇంకో విషయం: ప్రపంచ వాణిజ్య సంస్థను పుట్టించిన ఒప్పందం మీద 1994 ఏప్రిల్‌లో సంతకాలు జరిగింది మొరాకోలోని మర్రాకేష్‌లోనే. మొరాకో మొదటి రోజు నుంచీ సభ్యదేశం. వియత్నాంకి 2007 జనవరి దాకా అందులో చోటు దొరకలేదు. 1994 వరకు దాని మీద అమెరికా ఆంక్షలే ఉన్నాయి. ఆలస్యంగా వచ్చిన దేశం ముందుకెలా పోయింది?

కారణాలు చాలా చెబుతారు. నాకు ముఖ్యమనిపించేవి మూడు. 1986లో మార్కెట్‌కి తలుపులు తెరిచిన దోయ్ మోయ్ సంస్కరణలు మొదలయ్యాక పొలం సాగు చేసే కుటుంబం చేతికే వచ్చింది, బియ్యం దిగుమతి చేసుకున్న దేశం కొన్నేళ్ళలోనే ఎగుమతి చేసే దేశమైంది, అంటే ఫ్యాక్టరీలు రాకముందే పల్లెల్లో కాస్త తిండి, కాస్త చదువు కుదిరాయి. రెండోది ఆడవాళ్ళ పని. వియత్నాంలో పనిచేసే వయసు ఆడవాళ్ళలో 60 శాతం పైనే ఏదో ఒక పనిలోనో పని వెతుకులాటలోనో ఉన్నారు, మొరాకోలో అది 20 శాతం లోపే. మూడోది ఇరుగుపొరుగు. వియత్నాంకి పక్కన చైనా, కాస్త దూరంలో కొరియా, జపాన్, తైవాన్. కూలి పెరిగిపోయి ఫ్యాక్టరీలు ఎక్కడికి తరలించాలా అని చూస్తున్న దేశాలన్నీ చుట్టూ ఉన్నాయి. మొరాకోకి తూర్పున ఉన్నది అల్జీరియా, ఆ రెండు దేశాల మధ్య భూసరిహద్దు 1994 నుంచి మూసే ఉంది. ఉత్తరాన సముద్రం దాటితే ఐరోపా. అంటే దానికి నిజంగా తెరిచి ఉన్న తలుపు ఒక్కటే, కానీ అది చాలా విలువైన తలుపు.

బయటికి పోయేది ఎంత, లోపల మిగిలేది ఎంత

ఇప్పుడు ఆ 40,500 కోట్ల డాలర్ల లోపలికి వెళ్దాం, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. వియత్నాం ఎగుమతుల్లో 70 శాతానికి పైగా విదేశీ పెట్టుబడితో నడిచే కంపెనీలవి. 2024లో ఆ కంపెనీలు దాదాపు 5,000 కోట్ల డాలర్ల వాణిజ్య మిగులు చూపిస్తే, దేశీయ కంపెనీలు 2,500 కోట్ల డాలర్ల లోటులో ఉన్నాయి. దేశం మొత్తానికి వచ్చిన మిగులు ఆ రెండింటి మధ్య తేడా. అంటే ఒకే జెండా కింద రెండు వేరు వేరు ఆర్థిక వ్యవస్థలు నడుస్తున్నట్టు లెక్క.

ఇంకొంచెం దగ్గరగా చూడండి. శామ్‌సంగ్ 2009లో హనోయ్ దగ్గర బాక్ నిన్‌లో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది, తర్వాత థాయ్ న్గుయెన్‌లో ఇంకా పెద్దది పెట్టింది. ఒక దశలో దేశం మొత్తం ఎగుమతుల్లో నాలుగో వంతు దాకా ఈ ఒక్క కంపెనీ నుంచే వెళ్ళాయి. 2016లో గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకుని ఆ ఫోన్‌ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చినప్పుడు, 2017 తొలి మూడు నెలల్లో వియత్నాం దేశ వృద్ధి రేటే తగ్గింది. ఒక ఫోన్ మోడల్ పాడైతే ఒక దేశపు జీడీపీ కదిలిందన్నమాట. ఆ ఫోన్‌లోకి వెళ్ళే చిప్‌లు, తెరలు, కెమెరా భాగాలు చాలావరకు బయటి నుంచే వస్తాయి. అందుకే 2024లో వియత్నాం చైనా నుంచి 14,400 కోట్ల డాలర్ల సరుకు తెచ్చుకుని, అమెరికాకి దాదాపు 12,000 కోట్ల డాలర్ల సరుకు పంపింది. చైనాతో భారీ లోటు, అమెరికాతో భారీ మిగులు. ఈ రెండూ ఒకే గొలుసులో రెండు కొసలు.

దీన్ని చూసి వియత్నాం ఉత్త బిగింపు పని చేసే దేశం అని తీసిపారేయడం కూడా అన్యాయం. ఆ బిగింపు పని లక్షల మంది పల్లె అమ్మాయిలకి నెల జీతం ఇచ్చింది, వాళ్ళు ఇంటికి పంపిన డబ్బుతో చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ చదివారు, ఊళ్ళో ఇళ్ళు లేచాయి. పేదరికం అంత వేగంగా తగ్గిన దేశాలు ప్రపంచంలో తక్కువ. పెట్టుబడిదారుగా మీకు తెలియాల్సింది మాత్రం వేరే: ఎగుమతి అంకె పెరిగినంత మాత్రాన అక్కడి సొంత కంపెనీలు బలపడినట్టు కాదు. ఈ సంగతి అక్కడి ప్రభుత్వానికీ తెలుసు, 2025 మేలో ప్రైవేటు రంగం మీద ప్రత్యేకంగా ఒక తీర్మానం చేసింది కూడా అందుకే.

మొరాకో కథ దాదాపు తిరగేసినట్టు ఉంటుంది. 2024లో దిగుమతులు 76,000 కోట్ల దిర్హామ్‌ల చుట్టూ, ఎగుమతులు 45,500 కోట్లు; 30,000 కోట్ల దిర్హామ్‌లకు పైగా లోటు. ఇది చూసి చాలామంది భయపడి పేజీ తిప్పేస్తారు. కానీ అదే ఏడాది 1 కోటి 74 లక్షల మంది పర్యాటకులు వచ్చి 11,000 కోట్ల దిర్హామ్‌లకు పైగా ఖర్చుపెట్టారు, ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ లాంటి చోట్ల ఉన్న మొరాకో వాళ్ళు ఇంచుమించు అంతే మొత్తం, ఇంకాస్త ఎక్కువే, ఇంటికి పంపారు. సరుకుల లోటులో పెద్ద భాగం ఈ రెండు పద్దులే పూడ్చేస్తున్నాయి. కాబట్టి వాణిజ్య లోటు ఒక్కటే చూసి మొరాకో మునిగిపోతోందనుకోవడం ఎంత పొరపాటో, వాణిజ్య మిగులు చూసి వియత్నాం చేతిలో అంత డబ్బూ మిగులుతోందనుకోవడం కూడా అంతే పొరపాటు. ఏ దేశానికైనా సరుకుల లెక్క పక్కన, పర్యాటకం, ఇంటికి పంపే డబ్బు లాంటివి కూడా కలిపిన కరెంట్ అకౌంట్ లెక్క కూడా పెట్టుకుని చూడాలి.

మొరాకో అమ్మేది ఏంటి? ఒకప్పుడు జవాబు ఫాస్ఫేట్. ప్రపంచంలో తెలిసిన ఫాస్ఫేట్ నిల్వల్లో 70 శాతం దాకా ఆ దేశం చేతిలోనే ఉన్నాయని లెక్క. ఖురిబ్గా గనుల నుంచి జోర్ఫ్ లాస్ఫర్ రేవు దాకా 187 కిలోమీటర్ల పైపులో ముడి ఖనిజాన్ని నీళ్ళతో కలిపి పంపిస్తారు, అక్కడ దాన్ని ఎరువుగా మారుస్తారు. కానీ ఇప్పుడు మొదటి స్థానం కార్లది. 2012లో టాంజియర్ దగ్గర మెల్లూసాలో రెనో ఫ్యాక్టరీ, 2019లో కెనిత్రాలో ఇప్పటి స్టెల్లాంటిస్ గ్రూపు ఫ్యాక్టరీ వచ్చాక కథ మారిపోయింది. 2024లో కార్లు, విడిభాగాల ఎగుమతి 15,700 కోట్ల దిర్హామ్‌లు దాటింది. మెల్లూసాలో తయారైన డాసియా సాండెరో కారు రైలెక్కి నేరుగా రేవుకి పోతుంది. సీట్లు, వైరింగ్ హార్నెస్‌లు లాంటివి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే తయారవుతాయి. వైర్లని బారులుగా పరిచి, రంగు చూసి కట్టలుగా కట్టే ఆ హార్నెస్ పని ఇప్పటికీ ఎక్కువగా చేత్తోనే చేయాలి, ఆ వరసల్లో పనిచేసేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. కారు విలువలో మూడింట రెండొంతుల దాకా దేశంలోనే సమకూరుతోందని ప్రభుత్వం చెబుతుంది. ఆ లెక్కలో విదేశీ కంపెనీలు అక్కడ పెట్టిన విడిభాగాల ఫ్యాక్టరీలూ ఉంటాయి కాబట్టి కొంచెం తగ్గించుకుని చదవాలి, తగ్గించినా అది చిన్న విషయం కాదు.

మరి ఇంత జరిగినా మొరాకో సగటు వృద్ధి ఎందుకు వెనకబడి ఉంది? వాన. పనిచేసేవాళ్ళలో నాలుగో వంతు మంది ఇంకా వ్యవసాయం మీదే ఉన్నారు, 2018 చివరి నుంచి వరసగా ఆరేడు సీజన్లు కరువు. గొర్రెల మందలు 2016తో పోలిస్తే 38 శాతం తగ్గిపోయాయి. 2025లో బక్రీద్‌కి ఎవరూ గొర్రెను బలివ్వొద్దని రాజు మహమ్మద్ VI స్వయంగా ప్రజల్ని కోరాల్సి వచ్చింది. ఒక ముస్లిం దేశంలో ఆ మాట రాజు నోట రావడం అంటే పల్లెల్లో పరిస్థితి ఎంతవరకు వెళ్ళిందో అర్థం చేసుకోవచ్చు. పొలాల్లో పోయిన పనులు ఫ్యాక్టరీల్లో వచ్చిన పనులకంటే ఎక్కువ కావడంతో నిరుద్యోగం 13 శాతం దాటింది, 24 ఏళ్ళ లోపు వాళ్ళలో అయితే మూడో వంతుకు పైగా. 2025 సెప్టెంబరు చివర్లో ఆసుపత్రులు, బడులు కావాలంటూ కుర్రాళ్ళు వీధుల్లోకి వచ్చింది, 2030 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ స్టేడియాలకి పెడుతున్న డబ్బుని ప్రశ్నించింది ఇందుకే. ఆ కోపం న్యాయమైనదని నా అభిప్రాయం. రేవూ, రైలూ, స్టేడియం ప్రపంచ స్థాయిలో కట్టగలిగిన దేశం పల్లెల్లో ఆసుపత్రుల్ని అలా వదిలేయడానికి సాకు లేదు.

మీ సరుకు ఎక్కడికి పోవాలి, ఎన్ని రోజుల్లో

ఎంపికలో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే, పట్టికల్లో మాత్రం ఎప్పుడూ కనిపించదు. టాంజియర్ దగ్గరి టాంజర్ మెడ్ రేవు నుంచి స్పెయిన్ తీరానికి జిబ్రాల్టర్ జలసంధి ఇరుకైన చోట 14 కిలోమీటర్లే. లారీ ఓడెక్కి, స్పెయిన్ రేవు అల్జెసిరాస్‌లో దిగి, అదే లారీ ఫ్రాన్స్ దాకా పోతుంది. వారం తిరగకముందే సరుకు దుకాణంలో ఉంటుంది. వియత్నాంలోని హై ఫాంగ్ నుంచో కై మెప్ నుంచో ఉత్తర ఐరోపాకి ఓడ నెల పైనే తీసుకుంటుంది, 2023 చివర్లో ఎర్ర సముద్రంలో యెమెన్‌కి చెందిన హౌతీ సాయుధుల దాడులు మొదలయ్యాక సూయజ్ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగిన ఓడలకి ఇంకో పది పద్నాలుగు రోజులు కలిశాయి. ఫ్యాషన్ బట్టలు అమ్మేవాళ్ళకి ఆ నెలన్నర అంటే సీజన్ సగం. ఏ రంగు అమ్ముడుపోతోందో చూసి రెండో ఆర్డర్ పెట్టాలనుకుంటే వియత్నాంతో అది కుదరదు. స్పెయిన్ బట్టల కంపెనీలు టాంజియర్ చుట్టూ కుట్టించుకునేది కూలి తక్కువని కాదు, ఈ రెండో ఆర్డర్ కోసమే.

టాంజర్ మెడ్ 2024లో కోటికి పైగా కంటైనర్లు దాటించింది అన్న అంకె చాలాచోట్ల కనిపిస్తుంది. వాటిలో ఎక్కువ భాగం ఒక ఓడలోంచి దింపి ఇంకో ఓడలోకి ఎక్కించేవి, మొరాకో సరుకు కాదు. దాన్ని దేశం ఎగుమతి శక్తిగా లెక్కేయకండి. మీ పెట్టెకి ఓడలు దొరకడం తేలిక అన్నంత వరకే ఆ అంకె ఉపయోగం.

కొనేది అమెరికాలో అయితే లెక్క మారుతుంది. పసిఫిక్ మీదుగా వెళ్ళే పెద్ద ఓడలు కై మెప్‌కి నేరుగా వస్తాయి. ఫర్నిచర్, బూట్లు, ఎలక్ట్రానిక్స్ లాంటి వాటిలో వియత్నాంకి ఉన్న ఫ్యాక్టరీల సంఖ్య, ఒక్కసారిగా లక్షల జతల ఆర్డర్ తీసుకోగల సత్తా మొరాకోలో లేవు. కానీ సుంకం చూడండి. 2025 ఏప్రిల్ 2న అమెరికా ప్రకటించిన జాబితాలో వియత్నాంకి 46 శాతం, మొరాకోకి 10 శాతం. జులైలో వియత్నాంది 20కి తగ్గిస్తామన్నారు, వేరే దేశపు సరుకుని వియత్నాం మీదుగా తిప్పి పంపితే 40 అన్నారు. ఈ రేట్లు మారుతూనే ఉంటాయి కాబట్టి ఆర్డర్ పెట్టే రోజున అమలులో ఉన్న రేటే చూసుకోవాలి. ఎప్పటికీ గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే, ఎగుమతుల్లో 30 శాతం ఒకే దేశానికి పంపి, ఆ దేశంతో అంత మిగులు చూపించే దేశం మీదే అందరి కళ్ళూ పడతాయి. మొరాకో 2006 నుంచి అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో ఉంది, పైగా అమెరికాతో దానికి మిగులు లేదు. అలాగని పూర్తి భద్రత కూడా లేదు, 2021లో దాని ఎరువుల మీద అమెరికా ప్రత్యేక సుంకం వేసింది.

ఐరోపా సుంకాల విషయంలో ఒక చిన్న మెలిక ఉంది, దీన్ని పట్టించుకోకపోతే లెక్కంతా తప్పుతుంది. ఐరోపాకి బట్టలు పంపితే సాధారణంగా 12 శాతం దాకా సుంకం. 2020 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న ఒప్పందం కింద వియత్నాం బట్టల మీద అది దశలవారీగా సున్నా అవుతుంది. షరతు ఏంటంటే, కుట్టడం ఒక్కటే వియత్నాంలో జరిగితే చాలదు, బట్ట కూడా అక్కడే నేసి ఉండాలి, లేదా ఐరోపాదో దక్షిణ కొరియాదో అయి ఉండాలి. వియత్నాం కుట్టు ఫ్యాక్టరీలు వాడే బట్టలో చాలా భాగం చైనా నుంచి వస్తుంది. చైనా బట్టతో కుట్టిన చొక్కాకి ఆ సున్నా సుంకం వర్తించదు. సరఫరాదారు మీకు ఒప్పందం ఉంది అని చెప్పినప్పుడు, బట్ట ఎక్కడిది, సరుకు ఏ దేశానిదో చెప్పే మూల ధ్రువపత్రం ఇస్తారా అని వెంటనే అడగండి. మొరాకోకి 2000 మార్చి నుంచే ఐరోపాతో ఒప్పందం ఉంది, అక్కడ టర్కీ బట్ట, ఐరోపా బట్ట వాడినా చెల్లుతుంది కాబట్టి ఈ షరతు తీర్చడం తేలిక.

మొరాకోకి ఉన్న మెలిక ఇంకో రకం. మొరాకో తనదే అంటున్న వివాదాస్పద ప్రాంతం పశ్చిమ సహారాలో, దఖ్లా లాంటి చోట్ల పండే టమాటాలు, పుచ్చకాయలు, అక్కడి చేపలు మొరాకో సరుకుగానే వస్తుంటాయి. ఆ ప్రాంతాన్ని కలిపిన వాణిజ్య ఒప్పందాలు చెల్లవని 2024 అక్టోబరు 4న ఐరోపా న్యాయస్థానం తీర్పిచ్చింది. తాజా కూరగాయలో చేపలో కొనేవాళ్ళయితే సరుకు ఏ ప్రాంతానిదో, లేబుల్ మీద ఏం రాయాలో లాయర్‌తో మాట్లాడకుండా సంతకం పెట్టొద్దు. కార్ల విడిభాగాలు కొనేవాళ్ళకి ఇది అడ్డు కాదు.

కూలి, కరెంటు, బ్యాంకు

కూలి పోలిక త్వరగా అయిపోతుంది. 2024 జులై నుంచి వియత్నాంలో పెద్ద నగరాల కనీస వేతనం నెలకి 49.6 లక్షల డాంగ్‌లు, అంటే 200 డాలర్లకి కాస్త తక్కువ. మొరాకోలో 2025 జనవరి నుంచి గంటకి 17.10 దిర్హామ్‌లు, నెలకి 191 గంటలు లెక్కేస్తే 3,270 దిర్హామ్‌లు, 320 డాలర్ల పైన. పైగా వారానికి మొరాకోలో 44 గంటలు, వియత్నాంలో 48. రెండుచోట్లా ఆ తర్వాత పెంపులు ఉన్నాయి, తేడా మాత్రం ఇంచుమించు అలాగే ఉంది. కూలే మీ ఖర్చులో పెద్ద భాగమైతే వియత్నామే చవక. అయితే నైపుణ్యం ఉన్న కార్మికులు హనోయ్, హో చి మిన్ సిటీ చుట్టుపక్కల ఇప్పుడు సులభంగా దొరకడం లేదు, ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంకో ఫ్యాక్టరీకి మారిపోతుంటారు. మొరాకోలో పని కోసం ఎదురుచూసేవాళ్ళు ఎక్కువ.

కరెంటు రెండుచోట్లా బలహీనతే, తీరు వేరు. 2023 మే, జూన్‌లలో ఉత్తర వియత్నాంలో జలాశయాలు ఎండిపోయి ఫ్యాక్టరీలకి కోతలు పెట్టారు, సరిగ్గా ఎలక్ట్రానిక్స్ కంపెనీలు గుమిగూడిన ప్రాంతంలోనే. ఆ తర్వాత మధ్య వియత్నాం నుంచి ఉత్తరానికి 519 కిలోమీటర్ల 500 కిలోవోల్టుల లైను ఆదరాబాదరాగా కట్టి 2024 ఆగస్టులో ప్రారంభించారు, నిజంగా మెచ్చుకోవాల్సిన వేగం. మొరాకోలో కోతలు తక్కువ గానీ, ఇంధనంలో 90 శాతం దాకా బయటి నుంచే కొంటుంది, అల్జీరియా నుంచి వచ్చే గ్యాస్ పైపు 2021 అక్టోబరు చివర్లో ఆగిపోయింది. చమురు ధర పెరిగినప్పుడల్లా మొరాకో లోటు పెరుగుతుంది. ఎండా గాలీ సమృద్ధిగా ఉన్న దేశం కాబట్టి ఇది మారే అవకాశం ఉంది, వర్జాజాత్ దగ్గర సౌర కేంద్రాలు కట్టింది కూడా అందుకే.

డబ్బు వైపు చూసేవాళ్ళకి మాత్రం నేను మొరాకో వైపే మొగ్గుతాను. దిర్హామ్‌ని 60 శాతం యూరో, 40 శాతం డాలర్ ఉన్న బుట్టకి కట్టి, రెండు వైపులా 5 శాతం కదలనిస్తారు. ఐరోపాలో అమ్మి యూరోల్లో వసూలు చేసుకునేవాళ్ళకి దానివల్ల టెన్షన్ తక్కువ. డాంగ్‌కి కేంద్ర బ్యాంకు రోజూ ఒక రేటు ప్రకటిస్తుంది, దాని చుట్టూ 5 శాతం కదులుతుంది, అంటే ఆచరణలో డాలర్ వెంటే నడుస్తుంది. అక్రమ నిధుల మీద నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ 2023 ఫిబ్రవరిలో మొరాకోని గ్రే లిస్టు (అదనపు నిఘాలో పెట్టే దేశాల జాబితా) నుంచి తీసేసింది, అదే ఏడాది జూన్‌లో వియత్నాంని అందులో చేర్చింది. ఆ లిస్టులో ఉన్న దేశంతో లావాదేవీ అంటే బ్యాంకులు అదనపు కాగితాలు అడుగుతాయి, చెల్లింపులు ఆలస్యమవుతాయి. 2025 సెప్టెంబరులో రేటింగ్ సంస్థ ఎస్ అండ్ పీ మొరాకోకి ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడ్, అంటే అప్పు తీర్చే విషయంలో నమ్మదగ్గ దేశం అన్న రేటింగ్ ఇచ్చింది, అప్పటికి వియత్నాం దానికి ఒక మెట్టు కిందే ఉంది. రెండింతల వేగంతో పెరిగే దేశానికి తక్కువ రేటింగ్ ఏంటని అడగొచ్చు. అప్పిచ్చేవాళ్ళు చూసేది పరుగు ఒక్కటే కాదు, లెక్కలు ఎంత తెరిచి పెడతారు, బ్యాంకుల్లో ఏముంది, రేపు ఏం చేస్తారో ముందే చెబుతారా అన్నది కూడా చూస్తారు.

ఇక ఎవరికి ఏది. ఫోన్లు, కంప్యూటర్ భాగాలు, బూట్లు, ఫర్నిచర్ పెద్ద ఎత్తున కావాలంటే వియత్నాం, వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. అమెరికా సుంకం మారితే ధర ఎవరు భరించాలో మాత్రం ఒప్పందంలో రాయించుకోండి, భాగాల్లో చైనా వాటా ఎంతో కాగితం మీద తీసుకోండి. కార్ల విడిభాగాలు, త్వరగా మారే బట్టలు, ఐరోపాలో రెండు వారాల్లో చేరాల్సిన ఏ సరుకైనా మొరాకో, కూలి ఎక్కువైనా సరే. ఎరువులయితే మొరాకోనే, ప్రశ్నే లేదు. బాండ్లు కొనేవాళ్ళకి మొరాకో, షేర్ల మీద పదేళ్ళు ఓపిక పట్టగలిగే వాళ్ళకి వియత్నాం. బ్యాటరీలు, ఎలక్ట్రిక్ కార్ల వైపు చూస్తుంటే ఇంకో ఏడాది రెండేళ్ళు ఆగి కెనిత్రాలో చైనా కంపెనీ గోషన్ ప్రకటించిన బ్యాటరీ ఫ్యాక్టరీ ఎంతవరకు వచ్చిందో చూసి నిర్ణయించుకోవడం మేలు.

కొనడం కాదు, అక్కడ అమ్మాలి అనుకునేవాళ్ళు ఉంటే, 10 కోట్ల మంది కొనుగోలుదారులు, ఏటా పెరుగుతున్న జీతాలు ఉన్న వియత్నాం మొదట కళ్ళకి ఆనుతుంది. మొరాకో మార్కెట్ చిన్నదే. కానీ మొరాకో బ్యాంకులు సెనెగల్, ఐవరీ కోస్ట్ లాంటి ఫ్రెంచ్ మాట్లాడే పశ్చిమ ఆఫ్రికా దేశాల్లో శాఖలు పెట్టుకుని ఉన్నాయి, కాసాబ్లాంకాలో ఆఫీసు పెడితే ఆ దేశాల్లో వసూళ్ళు, గ్యారంటీలు ఒకే బ్యాంకుతో నడుపుకోవచ్చు. అక్కడ ఒప్పందాలు, కస్టమ్స్ కాగితాలు ఫ్రెంచ్‌లో ఉంటాయి. వియత్నాంలో అధికారులకి ఇచ్చేవన్నీ వియత్నామీస్‌లోనే ఉండాలి, 2025 జులై 1న 63గా ఉన్న ప్రావిన్సులు, నగరాల్ని కలిపి 34 చేశారు కాబట్టి పాత కాగితాల మీది చిరునామాలు చాలావరకు మారిపోయాయి. సరఫరాదారు రిజిస్ట్రేషన్ కొత్త చిరునామాతో ఉందో లేదో ఆర్డర్‌కి ముందే చూసుకోండి.